గుప్పెడు ఉప్పు, పన్నెండు బిందెలు

గార్నియే దొర ఇంట్లో నేను పనికి కుదిరింది ఊడవడానికి కాదు. ఆ మాట మొదటే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్ళకూ సుఖం. ఎంత రాతిగుండె మనిషికైనా ప్రాణంగా చూసుకునేది ఏదో ఒకటి ఉంటుంది. ఆయనకు అదేమిటో కనిపెట్టి, నా చేత్తో తీసేసి, ఆయన ఏడుస్తుంటే పక్కన నిలబడి చూడాలని చేరాను. చీపురు పట్టింది అందుకు.

పెద్ద యుద్ధానికి మూడేళ్ళ ముందు సంగతి ఇది. అప్పటికి నా తమ్ముడు సుబ్బరాయలు పోయి ఏడాది కావస్తోంది.

పుదుచ్చేరి పరాసువాళ్ళది, అంటే ఫ్రెంచివాళ్ళది, చుట్టూ ఉన్న నేల ఇంగ్లీషువాళ్ళది. వాళ్ళిద్దరి మధ్యా ఏనాటిదో ఒప్పందం ఒకటి ఉంది. మా ఊళ్ళో ఎవరూ ఉప్పు చెయ్యకూడదు, ఇంగ్లీషువాళ్ళ ఉప్పే కొనుక్కోవాలి. ఎదురుగా చూస్తే సముద్రం. మురుంగపాక్కం దాటితే ఉప్పుటేటి పక్క కయ్యల్లో, అంటే ఉప్పు మళ్ళలో, ఎండాకాలం ఉప్పు తనంతట తనే తెల్లగా పేరుకుంటుంది. దాని మీద కాకి వాలితే తప్పు లేదు, మనిషి వంగి గీక్కుంటే దొంగ. ఆ దొంగల్ని పట్టే భటులందరికీ పైవాడు గార్నియే దొర. ఊళ్ళో ఆయన్ని ఉప్పు దొర అనేవాళ్ళు.

తమ్ముడు పోయిన ఏడు వీరాంపట్టినం ఒడ్డున నెత్తళ్ళు విరగబడ్డాయి. ఎండబెట్టి దాచుకుందామని తట్టెడు తెచ్చాను. ఇంట్లో ఉప్పు చాల్లేదు. నేనే తమ్ముణ్ణి పంపాను. "పొయ్యి ఒక కుండ గీక్కోని రారా, ఎవురు చూస్తారు" అన్నాను. మిల్లు పని ముగించుకొని అటునుంచి అటే వెళ్ళి తెచ్చాడు పాపం. మర్నాడు పొద్దున్నే భటులు దిగారు. కుండ మూలనే ఉంది.

దొర లోపలికి రాలేదు. వీధిలో పుస్‌పుస్ బండిలో కూర్చున్నాడు. వెనక నుంచి మనుషులు నెడుతుంటే ముందు కొయ్య పట్టుకొని తిప్పుకుంటూ పోయే బండి అది. భటుడు వెళ్ళి, ఇంట్లో ఇద్దరున్నారు, ఉప్పు ఎవరిదని రాసుకోవాలి అని అడిగాడు. దొర మా వాకిలి వైపు తల కూడా తిప్పకుండా ఒక మాట అన్నాడు. దాన్ని భటుడు మాకు అరవంలో చెప్పాడు. ఎవరింట్లో దొరికితే ఉప్పు వాళ్ళదేనట. నాయన పోయాక ఇల్లు తమ్ముడి పేరున ఉంది.

మాది ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. భటులకు కూడా అర్థం కావాలని వాడు అరవంలోనే నాతో అన్నాడు, "అక్కా, సొల్లు" అని. అక్కా, చెప్పు. ఉప్పు నాదే అని నన్ను చెప్పమన్నాడు. ఆడమనిషి చేపలకోసం తెచ్చుకుంటే తిట్టి వదిలేస్తారట, మొగవాడైతే అమ్మకానికే అని లోపలేస్తారట. వాడికి ఆ సంగతి తెలుసు, నాకు తెలీదు. పక్కింటి సెంగమలం పిన్ని తర్వాత చెప్పింది. రెండు మాటలు చాలు, ఉప్పు నాదే అని. నా నోరు పడిపోయింది. వాడు రెండోసారి కూడా అన్నాడు, "అక్కా, సొల్లు" అని. నేను నేలచూపులు చూశాను.

వాడికి మూడు నెలలు వేశారు. యాభై ఎనిమిదో రోజున జైల్లో విషజ్వరంతో పోయాడు. పూడ్చేసిన తర్వాత వాడి తుండుగుడ్డ ఒక్కటి ఇంటికి పంపారు. ఇరవై ఏళ్ళవాడు.

నా నోటి మీద నాకు కోపం లేకపోలేదు. కానీ తన నోటిని తాను ఎంతకాలం కొట్టుకుంటుంది మనిషి? ఆ కోపమంతా మూటగట్టి దొర నెత్తిన పెట్టాను. మోయడానికి ఆయన తగినవాడే.

దొర ఇంట్లో వంటవాడు ఆదికేశవన్. వాళ్ళదీ మాలాగే తెలుగిల్లే, మూడు తరాలుగా దొరల వంటిళ్ళలో పొగ మింగుతున్నవాళ్ళు. నేను చేరిన రోజునే అడిగాను, "అన్నా, దొరకు పెండ్లాం బిడ్డలు యాడ ఉండారు?" అని.

"పెండ్లాం సచ్చిపోయి చానా కాలం. బిడ్డలు లేరు. ఉండేది అదొక్కటే" అని వసారా వైపు చెయ్యి చూపించాడు.

వసారాలో వట్టివేళ్ళ తడికల చాటున బల్ల మీద గాజుతొట్టి ఉంది. అందులో ఒక జంతువు ఉంది. జానెడు పొడుగు. బల్లికి ఉండేలాంటి తోక, చేపకు ఉండేలాంటి ఒళ్ళు, పాలూ కుంకుమా కలిపిన రంగు. తలకు అటు మూడు ఇటు మూడు ఎర్రని కుచ్చులు, అవే దాని ఊపిరట. రెప్పల్లేని కళ్ళు. ముందు చేతులకు నాలుగేసి వేళ్ళు, చంటిబిడ్డ వేళ్ళలాగా. దాని నోరు ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టే ఉండేది. సముద్రాల అవతల ఎక్కడో చెరువులో పుట్టిన జాతి అది, పారిసులో పెంచుతున్నారట. అక్కణ్ణుంచి ఓడలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకున్నాడట దొర.

అంతలో దొర వచ్చాడు. నన్ను చూడలేదు. తొట్టి మీదికి వంగి, గాజును గోటితో తట్టి, గొంతు మెత్తగా చేసుకొని పిలిచాడు. "అక్సొలొత్... అక్సొలొత్..."

నా చేతిలో చీపురు జారిపోయింది.

"భయపడబాక అలివేలూ" అన్నాడు ఆదికేశవన్ నవ్వుతూ. "ఆ జాతి పేరే అది. మా నోరు తిరగదు, మేము అక్కసొల్లు అంటాము. దొర దాన్ని పిలిస్తే అచ్చం అట్నే ఉంటాది."

అట్లాగే ఉంది. తమ్ముడు పోయాడనుకుంటే వాడి మాట ఈ ఇంట్లో రోజుకు పదిసార్లు, అదీ వాణ్ణి చంపినవాడి నోట వినబడుతోంది. దేవుడనేవాడు ఉంటే మహా కొంటెవాడు. సరే, తీసేయవలసింది ఏమిటో ఆ పూటే తెలిసింది కనుక నాకు వెతికే పని తప్పింది. ఆ జంతువును ముట్టడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కారు. నేను ముడతానన్నాను. తొట్టి కడిగి నీళ్ళు మార్చడం, తడికలు తడపడం, తోటలో తవ్వి ఎర్రలు తెచ్చి దాని నోటికి అందించడం, అన్నీ నా పనులే అయ్యాయి.

తొందరపడలేదు నేను. ఎండాకాలం దాకా ఆగాను. ఆ జంతువుకు చల్లటి నీళ్ళు కావాలి, వేడి తగిలితే నీరసపడిపోతుంది. కత్తిరి ఎండలు మొదలైన వారానికి నేనేమీ చెయ్యకుండానే దానికి జబ్బు చేసింది. ఎర్ర కుచ్చులు పాలిపోయాయి, వాటి మీద దూది అంటించినట్టు తెల్లగా బూజు పట్టింది. తోక కొస వంకర తిరిగింది. ఎర్రను మూతి ముందు ఎంత ఆడించినా నోరు తెరవడం మానేసింది.

దొరకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. స్నేహితుడైన డాక్టరు దొరను పిలిపించాడు. ఆయన చూసి నవ్వి, వెన్నలో వేయించుకుంటే బాగుంటుందన్నాడట. మద్రాసు నుంచి పొట్టులో చుట్టి రైల్లో వచ్చే మంచుగడ్డ దొర తాగుడులోకి తెప్పించుకునేది. తాను వాడుకోవడం మానేసి దాన్ని తొట్టి చుట్టూ పేర్పించాడు. అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేవాడు. ఒక మధ్యాహ్నం తొట్టి పక్కన కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. నేను తడిక తడుపుతూ చూశాను. ఒక పురుగు కోసం ఏడుస్తున్నాడు ఈయన. నా తమ్ముడు పోయిన నాడు ఈయన మధ్యాహ్నం ఏం తిన్నాడో, ఎంతసేపు కునుకు తీశాడో. నాకు ఒళ్ళు మండిపోయింది.

కళ్ళు తుడుచుకొని ఆదికేశవన్ చేత చెప్పించాడు, "ఇంక దాని సంగతంతా అలివేలు చేతిలోనే, తనకు తోచింది చెయ్యమను" అని. పాము నోట్లో కప్ప తనే తల పెట్టింది.

ఇక ఎట్లా చంపాలన్నది నా ఇష్టం. ఒక్క దెబ్బకు చంపితే నా పగ చల్లారదు. సుబ్బరాయలు యాభై ఎనిమిది రోజులు తీసుకున్నాడు చావడానికి, ఇది కూడా రోజూ కాస్త కాస్త చావాలి. ఆలోచిస్తే చిన్నప్పటి జలగ గుర్తొచ్చింది. పిక్కకు జలగ పడితే నాయన చిటికెడు ఉప్పు వేసేవాడు. అది మెలికలు తిరిగి, కరిగి, ఊడిపడి చచ్చేది. ఇదీ ఆ బాపతు మెత్తని ప్రాణే కదా. ఉప్పు అని తట్టగానే నాకు నవ్వొచ్చింది. ఇంతకంటే తగిన విషం ఈ భూమ్మీద లేదు.

వంటింటి ఉప్పు బీరువాలో ఉండేది, తాళం ఆదికేశవన్ మొలలో. ఉన్నా ఆ ఉప్పు నాకు వద్దు. ఆదివారం సెలవడిగి మురుంగపాక్కం దాటి వెళ్ళి, తమ్ముడు గీకిన కయ్యలోనే వంగి, కుండెడు గీక్కొచ్చాను. మట్టి కలిసి కాస్త ఎర్రగా, నాలిక మీద చేదుగా ఉండే ఉప్పు అది. వసారాలో వట్టివేళ్ళ కట్టల కింద దాచాను.

పని ఇట్లా పెట్టుకున్నాను. రోజూ పొద్దున తొట్టి నీళ్ళు మార్చేటప్పుడు జంతువును తీసి మట్టి చట్టిలో వేస్తాను, అది మామూలే. ఇప్పుడు ఆ చట్టి నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపాను. తొట్టికి పన్నెండు బిందెలు పడతాయి. బావిలోంచి పన్నెండు బిందెలు తోడి పోసేంత సేపూ అది చట్టిలో ఉప్పునీళ్ళలో ఉంటుంది. పన్నెండోది పొయ్యగానే తీసి మంచినీళ్ళలో వేసేస్తాను, దొర కాఫీ తాగి వచ్చేసరికి ఏమీ తెలీకుండా. మొదటి రోజు అది చట్టిలో గిలగిల కొట్టుకుంది. నేను ప్రతి బిందెకూ తమ్ముడి పేరు తలుచుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏడాదిలో నేను సంతోషంగా ఉన్న పొద్దు అదొక్కటే.

నాలుగో రోజుకు కుచ్చుల మీది దూది తొరకలుగా ఊడిపోవడం మొదలైంది. తోలు ఊడుతోంది, సగం పనయింది అనుకున్నాను. ఏడో రోజుకు దూది మొత్తం పోయింది. కింద కుచ్చులు మందారం రంగులో నిగనిగలాడుతున్నాయి. తొమ్మిదో రోజు నేను ఎర్రను ఊరికే అలవాటుగా మూతి ముందు పెడితే, గబుక్కున లాక్కొని మింగి, ఇంకోదాని కోసం నా వేలు పట్టుకుంది.

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని అంటారు. నేను కోతిని చెయ్యబోతే వినాయకుడయ్యాడు. విషమని పెట్టింది మందయి కూర్చుంది.

దొర ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వసారాలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు. నన్ను 'డాక్టరమ్మ' అని పిలిచాడు. ఏం మందు పెట్టావని అడిగిస్తే, నీళ్ళే అన్నాను. అయితే ఆ చేసేదేదో ఇంకో వారం మానకుండా చెయ్యమన్నాడు. ఉప్పు రెట్టింపు చేసి ఒక్కసారిగా పని కానిద్దామని నాకూ అనిపించింది. కానీ ఆయనే ఇప్పుడు రోజూ తొట్టి దగ్గర కాపలా ఉంటున్నాడు, కాఫీ తాగే ఆ కాసేపు తప్ప. పైగా ఇంకొక సంగతి జరిగింది. చెప్పడానికి నాకు సిగ్గు. పొద్దున నేను చట్టి దించగానే అది నా వైపు ఈదుకుంటూ వచ్చి, నాలుగు వేళ్ళూ నా చూపుడు వేలి మీద పెట్టి నిలబడేది. అది నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. రెట్టింపు గుప్పెడు వెయ్యబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ వారంలోనే ఆదికేశవన్ కుండ చూశాడు. వట్టివేళ్ళు తీయబోతే బయటపడింది. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు, ముఖం మాడిపోయింది.

"ఇది కయ్య ఉప్పు కదా. ఉప్పు దొర ఇంట్లోకి ఉప్పు తెచ్చి పెట్టినావా? ఏంది అలివేలూ ఇది? పారెయ్, నీ కాళ్ళకు దండం పెడతా. తిన్న ఉప్పుకు ద్రోహం చెయ్యగూడదు."

"ఏ ఉప్పుకు, అన్నా?" అన్నాను.

సుబ్బరాయలు ఎవరో అప్పుడు చెప్పాను అతనికి. విని, కట్టలు మళ్ళీ కుండ మీద కప్పేసి, పోతూ ఒక్క మాట చెప్పాడు. "వచ్చే గురువారం కడలూరు నుంచి ఇంగ్లీషు దొర భోజనానికి వస్తా ఉండాడు. మన ఊళ్ళో దొంగ ఉప్పు లేదని ఆయన కాగితం రాసిస్తే మన దొరకు పెద్ద పదవి, పారిసులోనే. వచ్చే నెల ఓడకే పోతాడంట. కొంచెం ఓర్చుకోమ్మా, వాడే పోతాడు."

అంటే కాగితం ఒకటి జేబులో పెట్టుకొని, జంతువును ఒళ్ళో పెట్టుకొని, హాయిగా ఇంటికి పోతాడు. అది కూడా నేను బాగుచేసి ఇచ్చిన జంతువు. గురువారం దాకా నాకు అన్నం సయించలేదు.

గురువారం మధ్యాహ్నం వచ్చాడు ఇంగ్లీషు దొర. ఎండిపోయిన మనిషి, మీసాలు నెరిశాయి. ముప్పై ఏళ్ళుగా అరవదేశంలో ఉప్పు కయ్యల వెంట తిరుగుతున్నాడట, అరవం మాకంటే శుభ్రంగా మాట్లాడాడు. భోజనమయ్యాక గార్నియే దొర ఆయన్ని వసారాలోకి తీసుకొచ్చాడు. తొట్టి చూపించాడు. చావబోయిన జంతువు ఎట్లా బతికిందో చేతులు తిప్పుతూ చెప్పాడు. నన్ను పిలిచి ముందుకు నిలబెట్టాడు.

"ఏం మందు పెట్టినావో ఈయనకు చెప్పాలంట" అన్నాడు ఆదికేశవన్. వద్దు అన్నట్టు కళ్ళతో బతిమాలాడు.

దొరకు అరవంలో వచ్చినవి నాలుగైదు మాటలు. రమ్మనడానికి వా, పొమ్మనడానికి పో, నీళ్ళకు తణ్ణి, చెప్పమనడానికి సొల్లు. ఆయన మురిసిపోతూ గాజును గోటితో తట్టి, "అక్సొలొత్" అన్నాడు. నా వైపు తిరిగి, "సొల్లు" అన్నాడు.

ఈసారి నా నోరు పడిపోలేదు. ఇంగ్లీషు దొర వైపు తిరిగి అరవంలో చెప్పాను.

"ఉప్పు పెట్టినాను దొరా."

"ఏ ఉప్పు?" అన్నాడాయన, ఊరికే.

"మురుంగపాక్కం కయ్యలోది. నేనే గీక్కోని వచ్చినాను."

ఆదికేశవన్ తర్జుమా ఆపేశాడు. దాని అవసరం కూడా లేకపోయింది. నేను వట్టివేళ్ళ కట్టలు తీసి కుండ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఇంకా సగం ఉంది. ఆయన వంగి చిటికెడు తీసి నాలిక మీద వేసుకొని, చేతిగుడ్డలో ఉమ్మి, మళ్ళీ ఒకసారి కుండలోకి చూశాడు.

"ఇది ఎవురి ఉప్పు?" అన్నాడు.

"పోయినేడు మా ఇంట్లో ఇట్లాంటి కుండే దొరికితే, ఎవురింట్లో దొరికితే ఉప్పు వాళ్ళదే అన్నాడు ఈ దొర. నా తమ్ముడు సుబ్బరాయలు దానికే జైల్లో సచ్చిపోయినాడు. ఈ కుండ ఈ ఇంట్లో నెల నుంచి ఉండాది. ఇల్లు ఎవురిదో ఆయన్నే అడగండి."

ఇంగ్లీషు దొర నవ్వలేదు, కోప్పడలేదు. కూర్చుని, కాగితమూ సిరా తెమ్మన్నాడు. గార్నియే దొరకు మాటలు అర్థం కాలేదు గానీ కుండ అర్థమైంది. ఆయన ముఖం సున్నంలా పాలిపోయింది. తల తిప్పి నన్ను చూశాడు. ఇన్ని నెలలుగా ఆయన ఇంట్లో తిరుగుతున్న నన్ను ఆయన నిజంగా చూడటం అదే మొదటిసారి. నేను కూడా బాగా చూశాను. చల్లటి కుండలో నీళ్ళు తాగినట్టు అయింది నా ప్రాణానికి.

నాకు నలభై రోజులు వేశారు. తిట్టి వదిలేసేంత చిన్నది కాదు కదా నేను చేసింది. తమ్ముడు పడుకున్న జైల్లోనే పడుకున్నాను, గది వేరు, గోడ ఒకటే. దొరకు పారిసు పదవి పోయింది. ఆఫ్రికాలో ఏదో ఒడ్డున చిన్న ఉద్యోగమట, వచ్చే ఓడకే పొమ్మన్నారట. కటకటాల దగ్గరికి వచ్చి ఆదికేశవన్ చెప్పాడు. సంతోషమేనా అని కూడా అడిగాడు. సంతోషమే అన్నాను. అబద్ధం కాదు.

ఇరవై మూడో రోజు కాపలావాడు పిలిస్తే మళ్ళీ ఆదికేశవనే అనుకొని వెళ్ళాను. అతనితో పాటు దొర ఉన్నాడు. పుస్‌పుస్ బండి లేదు, నడిచే వచ్చారు. దొర రెండు చేతులతో తడిగుడ్డ చుట్టిన గాజుకూజా పట్టుకున్నాడు. కూజా ఆదికేశవన్ చేతికిచ్చి, టోపీ తీశాడు. నెత్తి మీద జుట్టు పల్చబడింది. నా ముందు టోపీ తీసిన మొగవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు.

ఆదికేశవన్ గుడ్డ తొలగించాడు. లోపల అది తల్లకిందులుగా తేలుతోంది. కుచ్చుల మీద మళ్ళీ దూది. వీపు మీద తోలు పొరలు పొరలుగా లేస్తోంది.

"నువ్వు వచ్చేసిన వారానికే మళ్ళీ పట్టింది" అన్నాడు. "ఉప్పే మందని తెలిసింది కదా అని తొట్టి నిండా పోసినాము, అంగట్లో కొన్న ఉప్పే. ఇట్లా తోలు ఊడిపోతా ఉండాది. ఎంత ఉప్పు, ఎంతసేపు ఉంచాల, అది చెప్పమంటా ఉండాడు అలివేలూ. ఎల్లుండి ఓడ. దాని మొగం చూసైనా చెప్పు తల్లీ. అదేం చేసింది?"

దొర కమ్మీలు పట్టుకొని వంగాడు. కళ్ళ కింద నల్లగా వాచి ఉంది. పెదవులు తడుపుకొని, మాటకూ మాటకూ మధ్య ఆగి అన్నాడు.

"అక్కా... సొల్లు."

ఆడవాళ్ళను అక్కా అని పిలవాలని ఆదికేశవన్ నేర్పించాడో, దాని పేరే పలికాడో నాకు తెలీదు. నేను విన్నది మాత్రం అదే.

నాలుగు మాటలు. గుప్పెడు ఉప్పు, పన్నెండు బిందెలు. నాలిక చివరనే ఉన్నాయి. అంతసేపు ఉప్పులో, తర్వాత మంచినీళ్ళలో, తొమ్మిది రోజులు చేస్తే చాలు, మళ్ళీ ఎర్ర నోటికి అందుకుంటుంది. చెప్పడానికి ఊపిరి ఒకటి చాలు. నా తమ్ముడికి కావలసింది రెండు మాటలే. వాడికి రెండు ఇవ్వని నోరు వీడికి నాలుగు ఇస్తుందా? అది ఏమీ చెయ్యలేదు, నిజమే. నా తమ్ముడు మాత్రం ఏం చేశాడు?

కూజాలో అది మెల్లగా తిరిగింది. నన్ను గుర్తు పట్టిందో, నీళ్ళు కదిలి అట్లా అయిందో, ముందు చెయ్యి ఒకటి గాజుకు ఆనించింది.

"అక్కా, సొల్లు" అన్నాడు దొర ఇంకోసారి. సుబ్బరాయలు కూడా రెండుసార్లే అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఈసారి భయంతో కాదు, నేల కూడా చూడలేదు. దొర కళ్ళలోకి చూస్తూనే మూసుకున్నాను. ఆయన టోపీ పెట్టుకొని, కూజా తీసుకొని, దానికి ఎండ తగలకుండా తన కోటు కప్పి వెళ్ళిపోయాడు.

ఓడ ఎక్కే రోజు పొద్దున అది పోయిందట. తోటలో, నేను ఎర్రలు తవ్వే చోటే, తన చేతిరుమాలులో చుట్టి పూడ్చాడట. ఏడ్చాడట కూడా. నేను కోరుకున్నది అదే. పక్కన నిలబడి చూడాలనుకున్నాను, అదొక్కటి కుదరలేదు.

ఇన్నేళ్ళయింది. తమ్ముడికి ఇవ్వని రెండు మాటలు నా నోట్లోనే ఉన్నాయి, వాటి పక్కన ఈ నాలుగూ చేరాయి. ఇప్పుడు మీకు చెప్పేశాను, ఇంక అవి ఎవరికి పనికొస్తాయి. వీధిలో ఎవరైనా ఎవరినైనా 'అక్కా, సొల్లు' అంటే ఇప్పటికీ నాకు ముందు వాడి ముఖం కనిపిస్తుంది, ఆ వెంటనే గాజు మీద ఆనిన నాలుగు వేళ్ళు.